ఆకు మొదలు చూడాలి



వానలు పట్టి నెల తిరక్కుండానే మన ప్రహరీ గోడల మీదా, బావి చప్టాల మీదా, పాత పెంకుల మీదా పచ్చగా, మెత్తగా ఒక పొర కమ్ముకుంటుంది. కొబ్బరిపీచు పెట్టి గీకేస్తాం, సున్నం కొడతాం. మళ్ళీ ఏటికి అదే చోట తయారు. నాచు అంటాం దాన్ని. చెరువులో తేలే తీగల్నీ, కాలు జారే పాకుడునీ కూడా ఆ లెక్కలోనే వేస్తాం. అవి వేరు, వాటిని ఇవాళ పక్కన పెడదాం. నేను మాట్లాడబోయేది కాడా ఆకులూ ఉన్న నాచు మొక్కల గురించి. వీటికి పువ్వుండదు, గింజుండదు, అసలైన వేరు కూడా ఉండదు. పట్టు కోసం సన్నని పోగులుంటాయి, అంతే. బిర్యానీ మసాలాలో వేసే రాతి పువ్వును కూడా కొందరు నాచనే అనుకుంటారు. అది శిలీంధ్రం, శైవలం కలిసి బతికే లైకెన్. దాని సంగతి ఇంకో రోజు చెప్పుకోవాలి.

ఈ నాచు మొక్కలు ప్రపంచంలో పన్నెండు వేల జాతులకు పైనే ఉన్నాయని అంచనా. యూరప్ నాచులకు రెండు వందల ఏళ్ళుగా మంచి పుస్తకాలు వస్తున్నాయి. మనలాంటి వేడి దేశాల నాచుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇప్పటికీ తగువులు తెగలేదు. ఒకే మొక్కకు అరడజను పేర్లు, ఒకే పేరు కింద రెండు మూడు మొక్కలు. ఈ చిక్కు ఎలా పడిందో, దాన్ని ఎలా విప్పుకుంటూ వస్తున్నారో చెబుతాను.

ముందు మన గోడ దగ్గరే ఆగుదాం. మైదాన ప్రాంతాల్లో సిమెంటు గోడల మీద, ఇటుకల మీద తరచుగా కనిపించే నాచు పేరు హయోఫిలా ఇన్‌వొల్యూటా. ఎండలో చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఆకు అంచులు రెండూ లోపలికి తిరిగి, ఆకంతా చిన్న పొగాకు చుట్టలాగా ముడుచుకుని, మాసిన రంగులో ఉంటుంది. దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి అక్కడే నిలబడండి. చూస్తూండగానే ఆకులు విచ్చుకుంటాయి, పచ్చదనం తిరిగి వస్తుంది. ఇప్పుడు పది రెట్లు పెద్దది చేసి చూపే హ్యాండ్ లెన్సు తీయండి. ఆకు మధ్యలో బలమైన ఈనె, కొన దగ్గర అంచున సన్నని రంపపు పళ్ళు. ఆకు పంగల్లో నక్షత్రం ఆకారంలో చిన్న పచ్చని ముద్దలు కూడా కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. వీటిని జెమ్మాలు అంటారు. రాలి పడిన చోట కొత్త మొక్కను మొలిపించే పని వాటిది. మన ఊరి గోడ మీది ఈ మొక్క ఆసియా, ఆఫ్రికా, అమెరికా వేడి ప్రాంతాలన్నిటా ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పనిపడుతుంది.

ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవాళ్ళకు నాచు అనగానే ఫ్యునేరియా గుర్తుకు రావాలి. పచ్చని ఆకుల మొక్క నుంచి ఒక సన్నని కాడ లేస్తుంది, దాని చివర కాయ ఉంటుంది. పుస్తకాల్లో గుళిక అని రాస్తారు. నేను కాయ అనే అంటాను. కాయ మీద ఒక టోపీ, టోపీ కింద మూత. మూత ఊడిపోతే కాయ మూతి చుట్టూ పళ్ళ వరుస బయటపడుతుంది. ఈ పళ్ళు గాలిలో తేమను బట్టి లోపలికి వంగుతాయి, బయటికి లేస్తాయి. అలా కదులుతూ లోపలి సిద్ధబీజాలను ఒక్కసారి పారబోయకుండా కొంచెం కొంచెంగా వదులుతాయి. ఆ పళ్ళకు ఒక లెక్క ఉంది. నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు, అరవై నాలుగు. పదహారున్నవే ఎక్కువ. కొన్నిటికి అసలు ఉండవు. ఇందాక చెప్పిన మన గోడ నాచు అలాంటిదే, బోసి నోటిది.

ఈ పళ్ళకు ఇంత గౌరవం తెచ్చిపెట్టినవాడు యోహాన్ హెడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు. రోగుల్ని చూసుకుంటూ, మిగిలిన పొద్దులో సూక్ష్మదర్శిని ముందు కూర్చునేవాడు. నాచులకు కూడా ఆడ, మగ అవయవాలున్నాయని గట్టిగా రుజువు చేసింది ఆయనే. చివరి రోజుల్లో లైప్‌జిగ్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశాడు. ఆయన 1799లో పోయాడు. ఆయన రాసిపెట్టిన పెద్ద గ్రంథం 1801లో అచ్చయింది. మామూలు మొక్కల శాస్త్రీయ నామాలకు 1753లో వచ్చిన లినేయస్ పుస్తకం మొదటి మెట్టు. నాచులకు మాత్రం, స్ఫాగ్నం అనే నాచు కుటుంబాన్ని మినహాయిస్తే, హెడ్విగ్ పుస్తకమే మొదలు. అంతకుముందు పెట్టిన పేర్లు చెల్లవని నియమం పెట్టుకున్నారు. లినేయస్ పేరును కాదని ఇంకొకరి పుస్తకానికి పీట వేసిన సందర్భాలు వృక్షశాస్త్రంలో తక్కువ.

తరవాత ఫ్రాన్సులో ఫిలిబెర్ అనే ఆయన పళ్ళ నిర్మాణాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించాడు. పళ్ళు ఒక వరుసా, రెండు వరుసలా, కణపు గోడల్లో ఏ భాగం నుంచి తయారయ్యాయి, వాటి మీద గీతలు ఎటు ఉన్నాయి, ఇలాంటి లెక్కలు. ఆ వెలుగులో మొత్తం నాచుల వర్గీకరణను తిరగరాసినవాడు మాక్స్ ఫ్లైషర్. ఈయన వృత్తిరీత్యా చిత్రకారుడు. జావా ద్వీపంలో ఇప్పుడు బోగోర్ అని పిలిచే ఊళ్ళో పెద్ద వృక్షోద్యానం ఉంది. అక్కడ మకాం పెట్టి, చుట్టుపక్కల అడవుల్లో దొరికిన నాచులన్నిటి మీదా నాలుగు సంపుటాలు రాశాడు. వాటిలో చివరిది 1923లో వచ్చింది. ఆ బొమ్మలు చూస్తే కుంచె పట్టిన చెయ్యి అని తెలిసిపోతుంది. ఫిన్లాండ్‌లో బ్రోథెరుస్ అనే బడిపంతులు ఈ పద్ధతినే తీసుకుని ప్రపంచం మొత్తం మీది నాచులను కుటుంబాలుగా సర్దాడు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం అందరూ ఆ సర్దుబాటు మీదే నడిచారు.

ఇక్కడే వేడి దేశాల చిక్కు మొదలవుతుంది. పళ్ళు చూడాలంటే ముందు కాయ ఉండాలి. ఉష్ణమండలపు నాచుల్లో చాలావాటికి కాయ అరుదు. ఆడ మొక్క ఒక చెట్టు మీద, మగ మొక్క ఇంకో చెట్టు మీద ఉంటే కాయ ఎలా కాస్తుంది? మగ కణం నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళాలి, నాలుగు అంగుళాల దూరం కూడా దానికి గగనమే. అందుకని చాలా జాతులు జెమ్మాలతోనో, విరిగిన ఆకు ముక్కలతోనో బతుకు వెళ్ళదీస్తాయి. ఫ్యునేరియాకు కాయలు విరగకాస్తాయి గనుక పాఠం చెప్పడానికి సులువు. పాఠ్యపుస్తకం ఆ ఒక్కదానితో నాచుల అధ్యాయం ముగించడం మాత్రం నాకు మొదటినుంచీ నచ్చదు. కాయ లేని మొక్క చేతికొస్తే ఏం చెయ్యాలో ఆ పాఠం చెప్పదు.

కాయ లేకపోతే ఆకులే దిక్కు. ఆకులో కూడా మొదలు, అంటే కాడకు అంటుకునే చోటు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆకును పట్టకారుతో లాగుతారు. కొన చేతికొస్తుంది, మొదలు కాడ మీదే ఉండిపోతుంది. జాతిని తేల్చే ఆధారం ఆ వదిలేసిన ముక్కలోనే ఉంటుంది. అందుకని చిన్న కొమ్మను నీళ్ళలో నానబెట్టి, కాడను ఒక సూదితో నొక్కిపట్టి, ఆకును కిందివైపు లాగి ఊడదీయాలి. నాచు ఆకు చాలావాటిలో ఒకే కణం మందం. గాజు పలక మీద నీటి చుక్కలో పెడితే చాలు, ఏ రంగూ వెయ్యకుండానే ఒక్కొక్క కణం విడివిడిగా కనిపిస్తుంది. పూల మొక్కల ఆకుతో ఈ సుఖం లేదు.

ఉదాహరణకు కాలింపెరిస్ అనే ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, ఉంది. సముద్రతీరాల్లో, పల్లపు అడవుల్లో చెట్ల బెరడు మీద పెరుగుతుంది. దీని ఆకు మొదట్లో ఈనెకు రెండు పక్కలా పెద్ద పెద్ద ఖాళీ కణాలుంటాయి. రంగు లేనివి, అద్దంలాంటివి. పైనున్న చిన్న పచ్చని కణాలకూ వీటికీ మధ్య గీత గీసినట్టు హద్దు ఉంటుంది. ఆకు కొనలో జెమ్మాలు గుత్తిగా వస్తాయి. దీనికి దగ్గర చుట్టం సిర్రోపోడాన్. దానికీ ఆకు మొదట్లో అద్దపు కణాలే. మరి తేడా ఎక్కడ? అదృష్టం బాగుండి కాయ దొరికితే టోపీ చూడాలి. సిర్రోపోడాన్ టోపీ ఊడి పడిపోతుంది, లోపల పళ్ళు ఉంటాయి. కాలింపెరిస్ టోపీ ఊడదు. కాయను చుట్టుకుని అలాగే ఉంటుంది, దానికి పడే నిలువు చీలికల్లోంచే సిద్ధబీజాలు బయటికొస్తాయి. పళ్ళు చెయ్యాల్సిన పని టోపీ చేస్తోంది గనుక పళ్ళే లేవు. కాయ దొరక్కపోతే సిర్రోపోడాన్ ఆకు అంచు చూడాలి. చాలా జాతుల్లో ఆ అంచున పొడుగాటి తెల్లని కణాలు గోటు కట్టినట్టు పైదాకా పోతాయి.

ఫిసిడెన్స్ ఇంకో పెద్ద ప్రజాతి, నాలుగు వందల పైచిలుకు జాతులు. గట్ల మీద, తడి మట్టి మీద ఎక్కడైనా దొరుకుతుంది. ఆకులు రెండే వరుసల్లో, ఒకే తలంలో ఉంటాయి. ప్రతి ఆకూ మొదట్లో రెండు రేకులుగా చీలి కాడను అటూ ఇటూ పట్టుకుంటుంది. ప్రజాతిని గుర్తుపట్టడం లెన్సుతోనే అయిపోతుంది. జాతిని తేల్చడం దగ్గర ఆకు అంచున తెల్లని కణాల గీత ఉందా లేదా, ఉంటే ఆకు అంతటా ఉందా, మొదట్లోని రేకులకేనా అని చూడాలి. సెమటోఫిల్లేసీ అనే కుటుంబానికైతే ఆకు మొదట్లో రెండు మూలల కణాలు ఉబ్బి, రంగు తిరిగి, బుడగల్లా కనిపిస్తాయి. కుటుంబం వరకు హాయిగా చెప్పేయొచ్చు. అక్కణ్ణుంచి ముందుకెళ్ళాలంటే నిపుణులు కూడా నీళ్ళు నములుతారు.

వీటిని వెతకడానికి ఎటు వెళ్ళాలి అంటే కొండ ఎక్కాలి. వేడి దేశాల్లో పల్లపు అడవి ఎంత దట్టంగా ఉన్నా నాచు పలచనే. ఎత్తుకు పోయేకొద్దీ, మబ్బు తాకే అడవుల్లో కొమ్మలకు నాచు వేలాడుతుంది. దీనికి శాస్త్రవేత్తలు చెప్పే కారణం బాగుంటుంది. మొక్క పగలు వెలుతురుతో ఆహారం తయారు చేసుకుంటుంది, రాత్రి శ్వాసలో కొంత ఖర్చుపెడుతుంది. పల్లంలో అడవి లోపల వెలుతురు తక్కువ, పైగా పగలు నాచు ఎండిపోయి పని ఆపేస్తుంది. రాత్రి తడి తగిలి మేలుకుంటుంది, కానీ రాత్రి కూడా వేడిగానే ఉంటుంది గనుక శ్వాస జోరుగా సాగుతుంది. ఆదాయం తక్కువ, ఖర్చు ఎక్కువ. కొండ మీద చల్లటి రాత్రులు ఆ ఖర్చు తగ్గిస్తాయి. కాకినాడ వీధుల్లో కంటే అనంతగిరి, అరకు దారిలో రాళ్ళ మీద, చెట్ల మొదళ్ళ మీద ఎక్కువ నాచు కనబడటానికి తేమ ఒక్కటే కారణం కాదు.

ఇప్పుడు పేర్ల చిక్కు దగ్గరికి వద్దాం. పంతొమ్మిదో శతాబ్దంలో ఓడల్లో తిరిగినవాళ్ళు ప్రతి దేశం నుంచీ నాచులు పంపేవారు. వాటిని చూసి పేర్లు పెట్టినవాళ్ళు మాత్రం ఇంట్లోనే కూర్చునేవారు. ఇంగ్లండులో ససెక్స్ జిల్లాలో విలియం మిట్టెన్ అని మందుల దుకాణం ఆయన ఉండేవాడు. భారతదేశపు నాచుల మీద 1859లో వచ్చిన పెద్ద జాబితా ఆయనదే. రిచర్డ్ స్ప్రూస్ అమెజాన్ అడవుల్లోనూ ఆండీస్ కొండల్లోనూ సేకరించిన నాచులకు పేర్లు పెట్టినదీ ఈయనే, ఆ పుస్తకం 1869లో వచ్చింది. డార్విన్‌తో పాటు ప్రకృతి వరణాన్ని కనిపెట్టిన వాలెస్‌కు మామగారు కూడా. ఆ పరిచయం కలిపింది స్ప్రూస్.

స్ప్రూస్ పేరు వచ్చింది గనుక ఒక మాట. యార్క్‌షైర్‌లో బడిపంతులుగా ఉన్న ఈయన 1849లో దక్షిణ అమెరికా వెళ్ళి 1864 దాకా ఉండిపోయాడు. ఆయన ప్రాణం నాచుల మీద, వాటి చుట్టాలైన లివర్‌వర్ట్‌ల మీద. కానీ బ్రిటిష్ ప్రభుత్వం 1859లో ఆయనకు ఈక్వెడార్‌లో ఇంకో పని అప్పజెప్పింది. మలేరియాకు మందైన క్వినైన్ ఇచ్చే సింకోనా చెట్ల విత్తనాలూ మొక్కలూ సేకరించి పంపమని. ఆయన పంపిన ఎర్ర బెరడు సింకోనా నీలగిరుల్లో వేళ్ళూనుకుంది. నాచులు ఏరుకునేవాళ్ళ వల్ల లోకానికి ఏం ఉపయోగం అని అడిగేవాళ్ళకు నేను ఈ జవాబు చెప్పను. నాచు పేరు తేల్చడమే ఒక ఉపయోగం అని నా పట్టుదల. కథ మాత్రం మంచిది.

జర్మనీలో హాల్లే పట్నంలో కార్ల్ ముల్లర్ అని ఇంకొకాయన. ఈయనా మొదట మందుల పని నేర్చినవాడే. ఆయన నమ్మకం ఏమిటంటే, దూరదేశాల నుంచి వచ్చిన నమూనాలు చూపుకు ఎంత ఒకేలా ఉన్నా వేరు జాతులే అయి ఉండాలి. బ్రెజిల్ నుంచి వచ్చిందా, ఒక పేరు. కామెరూన్ నుంచి వచ్చిందా, ఇంకో పేరు. మన గోడ మీది హయోఫిలాలాంటి, సముద్రాలు దాటి పరుచుకున్న జాతులకు ఈ పద్ధతిలో ఎన్ని పేర్లు పడి ఉంటాయో ఊహించుకోండి. సిద్ధబీజాలు గాలిలో ఎంత దూరమైనా పోగలవన్న ఆలోచన అప్పటికి ఇంకా బలపడలేదు. ఇవాళ ఉష్ణమండలపు నాచుల మీద పనిచేసేవాళ్ళ శ్రమలో పెద్ద భాగం కొత్త పేర్లు పెట్టడం కాదు, పాత పేర్లు కొట్టెయ్యడం. లండన్, హెల్సింకీ, న్యూయార్క్ హెర్బేరియంల నుంచి, అంటే ఎండిన మొక్కలు దాచే భండారాల నుంచి, అసలు నమూనాలు తెప్పించి, పక్కపక్కన పెట్టి, ఇవి రెండూ ఒకటే అని తేల్చడం. ముల్లర్‌ను ఎగతాళి చేయడం సులువే. ఆయన రోజుల్లో చేతిలో ఉన్నది ఎండిన తునక ఒకటి, అదీ ఓడలో నెలల తరబడి వచ్చింది.

డీఎన్ఏ పరీక్షలు వచ్చాక కొన్ని పాత నమ్మకాలు తల్లకిందులయ్యాయి. ఆక్టోబ్లెఫారం ఆల్బిడం అని ఒక నాచు ఉంది. తేమగా ఉండే వేడి ప్రాంతాలన్నిటా తాటి, కొబ్బరి జాతి చెట్ల మానుల మీద తెల్లగా పాలిపోయిన పచ్చరంగులో, మందంగా ఉంటుంది. దీని ఆకు ఒక కణం మందం కాదు. పైనా కిందా ఖాళీ కణాల పొరలు, మధ్యలో చిన్న పచ్చకణాల వరుస. ల్యూకోబ్రయం అనే ఇంకో తెల్లని నాచు ఆకు కూడా ఇంతే. చూపుకు ఒకేలా ఉన్నాయి గనుక రెంటినీ ఒకే కుటుంబంలో ఉంచారు. బ్లేడుతో ఆకును అడ్డంగా కోసి చూసినవాళ్ళకు ఒక తేడా కనిపించేది. ల్యూకోబ్రయంలో పచ్చకణం నాలుగు పలకలు, ఆక్టోబ్లెఫారంలో మూడు పలకలు. కాయ పళ్ళు కూడా ఆక్టోబ్లెఫారంకు ఎనిమిదే. డీఎన్ఏ చూస్తే ఆక్టోబ్లెఫారం అసలు బంధుత్వం ఇందాకటి కాలింపెరిస్ వైపు అని తేలింది. తెల్లని మందపు ఆకు నాచుల్లో ఒకటికి రెండుసార్లు, వేరువేరుగా పుట్టిందన్నమాట. బ్లేడు పట్టుకున్నవాళ్ళకు అనుమానం ముందే ఉంది, డీఎన్ఏ దాన్ని ఖాయం చేసింది.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. చేపల తొట్టెల దుకాణాల్లో జావా మాస్ అని పచ్చని పోగుల ముద్ద అమ్ముతారు. పెంచేవాళ్ళు దాన్ని రాయికో కర్రకో దారంతో కట్టి నీళ్ళలో ముంచుతారు, చేపపిల్లలు అందులో దాక్కుంటాయి. దశాబ్దాల పాటు దుకాణాల్లోనూ పుస్తకాల్లోనూ దీని శాస్త్రీయ నామం వెసిక్యులేరియా దుబ్యానా అని రాసుకొచ్చారు. ఫిలిప్పీన్స్‌లో పుట్టి సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెనితో టాన్ అనే నాచు శాస్త్రవేత్త, ఈ శతాబ్దం మొదట్లో, తొట్టెల్లో చేపలు పెంచే అభిరుచి గలవాళ్ళతో కలిసి ఈ దుకాణపు నాచులన్నిటినీ సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. నీళ్ళలో మునిగి పెరిగేదానికి కాయ ఎక్కడిది? మళ్ళీ ఆకు కణాలే ఆధారం. వెసిక్యులేరియా అయితే కణాలు వెడల్పుగా, వదులుగా, ఆరు పలకలవైపు మొగ్గుతూ ఉండాలి. జావా మాస్ కణాలు సన్నగా, పొడుగ్గా, పోగుల్లా ఉన్నాయి. అది టాక్సిఫిల్లం బార్బియెరి అని తేలింది. వెసిక్యులేరియా దుబ్యానా నిజంగా ఉంది, కాకపోతే అది దుకాణాల్లో సింగపూర్ మాస్ అనే వేరే పేరుతో అమ్ముడుపోతోంది. క్రిస్మస్ మాస్ అని అమ్మేది ఇంకొక వెసిక్యులేరియా. నాచు ముద్ద కొన్న పిల్లవాడికి ఈ గొడవ అక్కర్లేదు అంటారేమో. చాలా అక్కరే. ఒక్కో జాతి ఒక్కోలా కొమ్మలు వేస్తుంది, అడిగినది ఇచ్చారో లేదో కొనేవాడికి తెలియాలి కదా.

మన దక్షిణాదిలో ఈ పని ఓపికగా చేసినవాళ్ళలో ఫాదర్ ఫొరో ఒకరు. కొడైకెనాల్ దగ్గర షెంబగనూర్‌లో ఉన్న ఫ్రెంచి జెస్యూట్ సన్యాసి. పళని కొండలన్నీ తిరిగి సేకరించిన నాచులను యూరప్‌లోని నిపుణులకు పంపేవారు. ఫొరోయెల్లా అనే ప్రజాతి ఆయన పేరు మీద వచ్చినదే. పళని నాచుల పూర్తి పట్టీ 1961లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. కలకత్తాలో గంగూలీ గారు 1969 నుంచి 1980 దాకా విడతలు విడతలుగా తూర్పు భారతపు నాచుల మీద వెలువరించిన గ్రంథం మన దేశంలో ఎవరు నాచు పట్టుకున్నా ముందు తెరిచే పుస్తకం. పళని కొండలకు దొరికినంత ఓపిక మన తూర్పు కనుమలకు దొరకలేదని నాకు అనిపిస్తుంది. మారేడుమిల్లి, చింతపల్లి, అరకు వైపు కాలేజీల్లో బోటనీ చదివే పిల్లలకు ఇది చేతికందే పని.

ఖర్చు కూడా లేదు. పూల మొక్కల్లా అట్టల మధ్య పెట్టి నొక్కనక్కర్లేదు, నొక్కితే ఆకుల తీరు చెడుతుంది. అరచేతిలో పట్టేంత నాచును మట్టి దులిపి, కాగితం పొట్లంలో కట్టి, నీడన ఆరనివ్వండి. ప్లాస్టిక్ సంచీలో పెడితే బూజు పడుతుంది. ఆరిన నాచు వందేళ్ళయినా చెడదు. మిట్టెన్ చూసిన తునకలను ఇవాళ వేడినీళ్ళలో వేసినా ఆకులు విచ్చుకుంటాయి, కణాలు లెక్కపెట్టుకోవచ్చు. మొక్క బతకదు, ఆకారం తిరిగి వస్తుంది. పొట్లం మీద పేరు రాయడానికి తొందరపడకండి. తేదీ, ఊరు, కొండ అయితే ఎంత ఎత్తు, ఏ చెట్టు, మానుకు ఏ వైపు, బెరడు మీదా కుళ్ళిన దుంగ మీదా రాయి మీదా, రాయి అయితే సున్నపురాయా నల్లరాయా, ఇవి అక్కడే నిలబడి పెన్సిలుతో రాయండి. సిరా అయితే వానకు కారిపోతుంది.